ప్రాచీన క్రైస్తవ ఆలయాల్లో మొజాయిక్ నేలలు: కాళ్ల కింద పడే చోట బొమ్మలెందుకు వేశారు?

ప్రశ్న: మంగళగిరి యాత్రికుడు

గత సంవత్సరం మా సంఘం వారితో కలిసి, మా అమ్మను వెంటబెట్టుకుని జోర్డాన్, ఇజ్రాయెల్ దేశాలకు యాత్ర వెళ్లి వచ్చాను. దర్శించిన స్థలాల గురించి చెప్పవలసింది చాలా ఉన్నా, ఇక్కడ అడగదలచినది ఒక్క విషయమే. మేము చూసిన పాత ఆలయాల్లో గోడలు చాలావరకు కూలిపోయాయి, పైకప్పులు ఆనవాలు లేకుండా పోయాయి, నేలలు మాత్రం రంగురాళ్ల బొమ్మలతో ఇంకా నిలిచి ఉన్నాయి.

జోర్డాన్‌లోని మడబా పట్టణంలో సెయింట్ జార్జి ఆలయం గుమ్మం దగ్గర మా అమ్మ అలవాటు ప్రకారం చెప్పులు విడిచింది. మా ఊళ్లో దేవుని మందిరంలోకి చెప్పులతో అడుగుపెట్టేవారు లేరు. ఇక్కడ అవసరం లేదని గైడు చెప్పినా ఆమె వినలేదు. లోపల, చుట్టూ అడ్డు కట్టి కాపాడుతున్న నేల మీద పరిశుద్ధ దేశపు పటం ఉంది. యొర్దాను నదిలో ఒక చేప మృతసముద్రం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ప్రవాహానికి ఎదురీదుతున్నట్టు వేశారు. ఆ ఉప్పునీటిలో బ్రతకలేక తిరిగి వస్తోందని గైడు చెప్పగానే అమ్మ చాలాసేపు ఆ చేప దగ్గరే నిలబడిపోయింది. బయటికి వచ్చాక చెప్పులు తొడుక్కుంటూ, "యెరూషలేమును కూడా నేల మీదే వేశారు కదా, ఆ రోజుల్లో జనం దాన్ని తొక్కుకుంటూ తిరిగేవాళ్లా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

ఆ ప్రశ్న అప్పటినుంచి నన్ను వదలడం లేదు. బొమ్మను, అక్షరం ఉన్న కాగితాన్ని కూడా కాలికి తగలనివ్వని ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి, భక్తి గల మనుషులు తమ ఆలయంలో ఇంత శ్రమపడి నేలనే ఎందుకు అలంకరించుకున్నారో తెలుసుకోవాలని ఉంది. అలాగే మడబా పటంలో మృతసముద్రం మీది పడవల్లో ఉన్న మనుషుల రూపాలు ఎవరో కావాలని చెరిపినట్టు ఉన్నాయి. గైడు మాత్రం దాన్ని ముస్లిముల పనిగా ఒక్క మాటలో తేల్చేశాడు. అది నిజమేనా? మరొకటి, మా ఇంట్లో వేయించిన గచ్చు ఇరవై ఏళ్లకే పగుళ్లు తీస్తే, పధ్నాలుగు పదిహేను వందల ఏళ్ల నాటి నేల ఎలా నిలిచింది? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం: పురావస్తు పాఠకురాలు

మీ అమ్మగారికి కలిగిన సందేహమే ఒకప్పుడు రోమను చక్రవర్తికీ కలిగింది. 427లో రెండవ థియోడోసియస్ ఒక శాసనం చేశాడు. రక్షకుడైన క్రీస్తు చిహ్నాన్ని నేల మీద గాని, నేలలో పరిచిన రాతి మీద, పాలరాతి మీద గాని చెక్కకూడదని, చిత్రించకూడదని, అలాంటివి ఎక్కడైనా ఉంటే తీసివేయాలని అందులో ఆజ్ఞాపించాడు. తిరిగి 692లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన సభ, సిలువ గుర్తును నేల మీద వేస్తే అది నడిచేవారి పాదాల కింద అవమానం పాలవుతుందని చెప్పి, నేల మీది సిలువలన్నిటినీ తొలగించాలని నిర్ణయించింది. రెండున్నర శతాబ్దాల తరువాత అదే మాట మళ్లీ చెప్పవలసి వచ్చిందంటే, మొదటి ఆజ్ఞను అందరూ పాటించలేదనే అర్థం. తవ్వకాల్లో బయటపడిన నేలల్లో సిలువలు కనిపిస్తూనే ఉన్నాయి. అంటే తొక్కడం గురించిన బెంగ వారికీ ఉంది. అది ఎక్కడ మొదలవ్వాలన్న విషయంలోనే వారిలో వారికి ఏకాభిప్రాయం లేదు.

అయితే ఆ నేలల మీద ఎక్కువగా ఏమున్నదో చూస్తే విషయం కొంత తేటపడుతుంది. క్రీస్తు ముఖం అరుదు. ఉన్నవి చేపలు, పక్షులు, ద్రాక్షతీగలు, వేట, పశువులను మేపేవారు, నదులు, ఊళ్లు. మడబాలోనే అపొస్తలుల ఆలయమని మరొకటి ఉంది. 578 నాటి ఆ నేల నడుమ సముద్రం ఒక స్త్రీ రూపంలో నీటి నుంచి పైకి లేస్తున్నట్టు ఉంటుంది, చుట్టూ చేపలు, జలచరాలు. గ్రీకుల పాత పురాణాల్లోని తలస్సా ఆమె. క్రైస్తవ ఆలయం నడిమధ్యలో అలాంటి రూపం వేయడానికి వారు వెనుకాడలేదు, ఎందుకంటే ఆ చుట్టూ ఉన్న వ్రాత భూమ్యాకాశాలను సృజించిన ప్రభువును ఉద్దేశించిన ప్రార్థన. నేల మీద సృష్టిని పరిచి, సృష్టికర్తను గోడ మీదికి, బలిపీఠం వెనుక ఉండే అర్ధగోళపు కప్పులోకి ఎత్తారని నా అభిప్రాయం. ఇటలీలోని రవెన్నాలో 547లో ప్రతిష్ఠించిన సాన్ విటాలే ఆలయంలో క్రీస్తు నీలి గోళం మీద కూర్చుని ఉన్నది పైనే, నేల మీద కాదు. ఈ వరుస అన్ని చోట్లా తప్పకుండా పాటించారని అనలేను గాని, చూసిన కొద్దీ నాకు అదే బలంగా కనిపిస్తోంది.

ఇటలీలోనే ఈశాన్యాన అక్విలేయా అనే చిన్న ఊరు ఉంది. క్రైస్తవులకు 313లో స్వేచ్ఛ దొరికిన వెంటనే అక్కడి బిషప్ థియోడోర్ ఒక పెద్ద ఆలయం కట్టించాడు. సుమారు 750 చదరపు మీటర్ల ఆ మొజాయిక్ నేల తరువాతి కాలంలో వేసిన మరో నేల కింద శతాబ్దాల పాటు దాగి ఉండి, 1909లో మొదలైన తవ్వకాల్లో బయటపడింది. బలిపీఠం వైపు భాగమంతా సముద్రమే. రెక్కలున్న చిన్నపిల్లలు పడవల్లో కూర్చుని గాలాలు వేస్తూ, వలలు లాగుతూ ఉంటారు. అదే నీటిలో ఒకచోట యోనాను ఓడ నుంచి విసిరేస్తున్నారు, కొంచెం అవతల సముద్రజంతువు అతణ్ణి కక్కేస్తోంది, మరోచోట అతడు సొరపందిరి కింద మేను వాల్చి పడుకున్నాడు. ప్రవక్త కథను చేపలు పట్టే సందడిలో కలిపివేయడంలో ఆ పనివాడి మనసు తెలుస్తుంది. అక్కడ నడిచే విశ్వాసి బొమ్మను తొక్కుతున్నానని కాక, యోనా పడిన సముద్రం మీద నడుస్తున్నానని అనుకుని ఉంటాడా అని నాకు అనిపిస్తుంది.

నేలకు ఇంకొక ఉపయోగం ఉంది. అది దాతల చోటు. ఇజ్రాయెల్‌లోని మెగిద్దో దగ్గర 2005లో ఒక జైలు ఆవరణలో తవ్వుతుండగా దొరికిన ప్రార్థనాగృహపు నేలను తవ్వినవారు 3వ శతాబ్దానిదిగా నిర్ణయించారు. అంటే క్రైస్తవం ఇంకా చట్టబద్ధం కాని కాలం. దాని మీద రెండు చేపలు ఉన్నాయి, గ్రీకులో కొన్ని మాటలు ఉన్నాయి. గయానస్ అనే శతాధిపతి తన సొమ్ముతో ఆ నేల చేయించాడని, బ్రూటియస్ అనే పనివాడు పని పూర్తిచేశాడని, అకెప్తూస్ అనే స్త్రీ దేవుడైన యేసుక్రీస్తుకు జ్ఞాపకార్థంగా ఒక బల్ల సమర్పించిందని వాటి సారాంశం. ఆలయానికి వచ్చిన ప్రతివారూ తలవంచి చదివే చోట పేరుంటే, ఆ పేరును తలచుకుని ప్రార్థించేవారు ఉంటారు. మన ఊళ్లలో మందిరాలకు ఫ్యాన్లు, బల్లలు ఇచ్చినవారు పేర్లు వ్రాయించుకోవడం మీకు తెలిసినదే.

సమాధానం: సున్నం పని తెలిసినవాడు

నేను కట్టడాల రంగంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా నాన్నగారు తాపీ మేస్త్రీ. కాబట్టి మీ మూడో ప్రశ్నకు మాత్రమే సమాధానం చెబుతాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. మన ఇళ్లలో మొజాయిక్ అని పిలిచేది సిమెంటులో పాలరాతి చిప్స్ కలిపి పోసి, గట్టిపడ్డాక మిషను పెట్టి పాలిష్ చేసే గచ్చు. మీరు చూసినది అది కాదు. అక్కడ ఒక్కొక్క రాతిముక్కను ఘనాకారంలో కొట్టి, తడి సున్నంలో చేతితో ఒక్కొక్కటిగా అద్దారు. ముక్క సుమారు ఒక సెంటీమీటరు ఉంటే చదరపు మీటరుకు పదివేల దాకా పడతాయి. ముఖాల దగ్గర ఇంకా చిన్న ముక్కలు వాడతారు కాబట్టి లెక్క పెరుగుతుంది. మడబా పటం మొత్తంగా ఉన్నప్పుడు ఇరవై లక్షలకు పైగా ముక్కలు పట్టి ఉంటాయని అంచనా. రంగులు చాలావరకు రాయికి సహజంగా ఉన్నవే. ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు సున్నపురాళ్లు ఆ కొండల్లోనే దొరుకుతాయి.

ఇక గట్టిదనం అంతా కింద ఉన్నది. క్రీస్తుకు ముందు 1వ శతాబ్దానికి చెందిన విట్రూవియస్ అనే రోమను వాస్తుకారుడు తన గ్రంథంలో ఈ పని వివరంగా చెప్పాడు. ముందు నేల చదును చేసి, పిడికెడు కన్నా తక్కువ కాని రాళ్లు పరవాలి. దాని మీద మూడు పాళ్ల కంకరకు ఒక పాలు సున్నం కలిపి పోసి, మనుషులు గుంపుగా నిలబడి కొయ్య దిమ్మిసలతో కొట్టాలి; కొట్టిన తరువాత మందం ముప్పాతిక అడుగుకు తగ్గకూడదు. ఆపైన మూడు పాళ్ల పెంకు పొడికి ఒక పాలు సున్నం, ఆరు వేళ్ల మందాన. దాని మీద సన్నని సున్నపు పూత, అందులో రాళ్లు. తూర్పు దేశపు చిన్న ఆలయాల్లో ఇంత మందం అన్నిచోట్లా వేయలేదు గాని పద్ధతి ఇదే. పెంకు పొడి అనగానే మన పెద్దలకు సుర్కీ గుర్తుకు రావాలి. ఇటుక పొడి కలిపిన డంగు సున్నాన్ని గానుగలో తిప్పి కట్టిన పాత గోడలు మన జిల్లాల్లో ఈనాటికీ ఉన్నాయి, మేకు దిగదు. కాల్చిన మట్టి పొడి సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడుతుంది. సున్నం మాత్రం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అది తొందరపడే పదార్థం కాదు. నేల కొద్దిగా కదిలినా సర్దుకుంటుంది, సిమెంటులా బిగుసుకుని పుటుక్కున పగలదు.

మా నాన్నగారు తడి సున్నం మీద బొటనవేలు నొక్కి చూసి, వేలిముద్ర నిలిచినా వేలికి అంటకపోతే అప్పుడు పని మొదలుపెట్టమనేవారు. ఆ ఆలయాల పనివారూ రోజుకు ఎంత మేర పూర్తిచేయగలరో అంత మేరే చివరి పూత వేసుకుని, దానిమీద గీత గీసుకుని, ఆరేలోగా రాళ్లు అద్ది ఉండాలి. లేకపోతే ఈ పని సాగదు.

అయితే ఆ నేలలు ఇన్నాళ్లు నిలవడానికి పనితనం సగం కారణమే. పైకప్పు కూలి, మట్టి కప్పడం రెండో సగం. ఎండా వానా కాలిరాపిడీ తగలకుండా మట్టి వాటిని కాపాడింది. బయటికి తీశాకే ఇబ్బంది మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా చోట్ల మొజాయిక్‌లను ఊడదీసి, ఇనుపచువ్వలు పెట్టిన కాంక్రీటు పలకల మీద తిరిగి అతికించారు. చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, సిమెంటులోని లవణాలు పైకి వస్తాయి, పదిహేను వందల ఏళ్లు నిలిచినది యాభై ఏళ్లలో చెదురుతుంది. మంచి చేయబోయి చేసిన ఈ నష్టం నన్ను నిజంగా బాధపెడుతుంది. ఇప్పుడు నిపుణులు మళ్లీ సున్నానికే వచ్చారు. కాపలా పెట్టలేని చోట నేలను శుభ్రం చేసి, ఫొటోలు తీసి, తిరిగి ఇసుకతో కప్పి ఉంచుతున్నారు.

సమాధానం: అమ్మాన్‌లో ఉంటున్న తెలుగువాడు

ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా జోర్డాన్‌లో ఉంటున్నాను, సెలవు దొరికితే ఈ నేలలు చూడడానికే వెళతాను. చెరిపిన బొమ్మల విషయంలో గైడు చెప్పినది తొందరపాటు మాట. ఒక్కసారి ఉమ్ అర్‌రసాస్ చూసి ఉంటే ఆయనే అలా అనేవారు కారు.

మడబాకు ఆగ్నేయంగా ఉన్న ఆ శిథిల నగరంలో 1986లో సెయింట్ స్టీఫెన్ ఆలయపు నేలను ఫ్రాన్సిస్కన్ సన్యాసి, పురావస్తు శాస్త్రవేత్త మికెలె పిచ్చిరిల్లో వెలికితీశారు. యెరూషలేము మొదలుకొని యొర్దానుకు ఇరువైపులా ఉన్న నగరాలు, నైలు నది ముఖద్వారంలోని పది పట్టణాలు, ఒక్కొక్కటి పేరుతో సహా అంచు పొడవునా వరుసగా ఉన్నాయి. నగరాల గోడలు, గోపురాలు చెక్కుచెదరలేదు. దాతల రూపాలు, వేటగాళ్లు, జంతువులు మాత్రం పోయాయి. కానీ పోయిన తీరు చూడండి. సుత్తితో పగలగొట్టిన గుంటలు లేవు. ఒక మనిషి రూపంలోని రాళ్లను ఊడబెరికి, అవే రాళ్లను కలగాపులగంగా అదే చోట మళ్లీ సున్నంలో అద్దారు. కొంచెం వంగి చూస్తే చర్మపు రంగు రాయి పక్కన బట్ట రంగు రాయి, వెంట్రుకల నలుపు పక్కన ముఖంలోని తెలుపు కనిపిస్తాయి. మనిషి మొత్తం అక్కడే ఉన్నాడు, రూపం మాత్రం లేదు. మరొకచోట ముఖం తీసి అక్కడ చెట్టో, పాత్రో పొందికగా అమర్చారు. ద్వేషంతో వచ్చినవాడు ఇంత ఓపికగా మరమ్మతు చేసి వెళ్లడు. ఆలయం వాడుకలో ఉండగా, దాన్ని వాడుకునేవారే చేసిన పని ఇది అని పండితులు చాలామంది భావించడానికి కారణం అదే.

మరి ఎందుకు చేశారు? ఉమయ్యద్ ఖలీఫా రెండవ యజీద్ 721 ప్రాంతంలో జీవుల బొమ్మలను తొలగించమని ఆజ్ఞ ఇచ్చాడని పాత చరిత్రలు చెబుతాయి. అయితే మడబాకు దగ్గరలోని మాయిన్‌లో ఒక ఆలయపు నేల కథను క్లిష్టం చేస్తుంది. అక్కడ సింహం ఎద్దులా గడ్డి మేస్తుందన్న యెషయా ప్రవచనం గ్రీకులో వ్రాసి, రెండు జంతువులనూ ఎదురెదురుగా వేశారు. తరువాత ఎద్దును తీసి, ఆ చోట పాత్రను, మొక్కను పెట్టారు. వాక్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. నేల మీద ఉన్న, ఆ మార్పు నాటిదని భావించే తేదీ 719–720 ప్రాంతానిది, అంటే ఆజ్ఞ కన్నా ముందు. ఆ నాటికి ముస్లిం పొరుగువారితో కలిసి జీవిస్తున్న ఇక్కడి క్రైస్తవుల్లోనే జీవుల రూపాల పట్ల ఇష్టం తగ్గి ఉండవచ్చు, పైనుంచి ఒత్తిడీ ఉండి ఉండవచ్చు. రెండూ కలిసి పనిచేశాయని నేను నమ్ముతున్నాను. ఒక విషయం మాత్రం నిస్సందేహం. ఉమ్ అర్‌రసాస్‌లో బలిపీఠం వైపు నేలను 756లో వేశారు, అప్పటికి ఉమయ్యద్‌లు పోయి అబ్బాసీ ఖలీఫాల పాలన వచ్చింది. హెస్బాన్ నుంచి వచ్చిన స్తౌరాఖియోస్ అనే పనివాడు తన పేరు వేసుకున్న ఆ నేలలో ఒక్క జీవి కూడా లేదు, గళ్లు, ముడులు, చక్రాలు మాత్రమే. ముస్లిం పాలన మొదలై శతాబ్దం దాటినా క్రైస్తవులు ఇంత ఖర్చుపెట్టి ఆలయపు నేల వేయించుకుంటున్నారని కూడా ఆ తేదీ చెబుతోంది, దీన్ని గైడులు ఎవరూ చెప్పరు.

మడబాకు దగ్గరలోని నెబో కొండ మీద మీరు చూసి ఉండే పెద్ద వేట చిత్రాన్ని గుర్తు చేసుకోండి. నల్లని మనిషి నిప్పుకోడిని నడిపిస్తున్నాడు, పర్షియా వేషంలో మరొకడు చారల జంతువును పట్టుకుని ఉన్నాడు, ముఖాలన్నీ తాజాగా ఉన్నాయి. 530 నాటి ఆ నేల ఎందుకు బతికిందంటే, 6వ శతాబ్దం ముగిసేలోగానే దాని మీద ఎత్తుగా మరో నేల వేశారు. ముఖాలు చెరిపే కాలం వచ్చేసరికి అది ఎవరి కంటికీ కనబడలేదు. 1976లో పై నేలను ఎత్తితే కింద ఇది బయటపడింది. పని చేసిన సోయెలోస్, కాయియోమోస్, ఎలియాస్ అనే ముగ్గురి పేర్లూ దానిమీదే ఉన్నాయి.

మడబా పటంలోనూ పడవల మనుషులను ఇలాగే రాళ్లు తారుమారు చేసి చెరిపారు. యొర్దాను అవతలి గట్టున జింకను తరుముతున్న సింహాన్ని కూడా వదల్లేదు. మీ అమ్మగారికి నచ్చిన చేప మాత్రం ఎవరి దృష్టికీ రాలేదో, దాని జోలికి పోబుద్ధి కాలేదో, మిగిలింది.

తిరిగి అడిగినది: మంగళగిరి యాత్రికుడు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు వ్రాసినవన్నీ నిన్న రాత్రి అమ్మకు చదివి వినిపించాను. సోయెలోస్, కాయియోమోస్, ఎలియాస్ అన్న పేర్లు రెండుసార్లు చదివించుకుంది. ఆ తరువాత మరో సందేహం చెప్పింది. గలిలయ సముద్రపు ఒడ్డున తబ్గాలోని ఆలయంలో బలిపీఠం దగ్గర నేల మీద రొట్టెల బుట్ట, ఇరుపక్కలా రెండు చేపలు ఉన్నాయి కదా, సువార్తలో యేసు జనానికి పంచిన రొట్టెలు అయిదు అని ఉంటే బుట్టలో నాలుగే కనిపిస్తున్నాయేమిటి అని అడుగుతోంది. నేను ఫొటో పెద్దది చేసి చూశాను, నాలుగే ఉన్నాయి.

సమాధానం: పురావస్తు పాఠకురాలు

నాలుగే. ప్రతి రొట్టె మీదా సిలువ గుర్తు ఉంటుంది, అది కూడా చూడండి. అయిదోది బలిపీఠం మీద ఉండే రొట్టె అని అక్కడ చాలామంది చెబుతారు. ఆలోచన అందంగా ఉంది, ఆ చిత్రం ఉన్న స్థానానికి అతుకుతుంది, కాని పనివాడు ఎక్కడా ఆ మాట వ్రాసి పెట్టలేదు. బుట్టలో ముందు వరుసలో కనిపించేవి మాత్రమే వేసి, మిగిలినది వెనుక ఉందని ఊహకు వదిలి ఉండడానికీ అవకాశం ఉంది. మీ అమ్మగారి మొదటి ప్రశ్నకు సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చేర్చాలి. ఆ ఆలయంలో జనం నిలబడే మేరలో, పక్క భాగాల్లో ఉన్నవి నైలు నది ఒడ్డు తామరలు, బాతులు, కొంగలు, నీటిమట్టం కొలిచే గుర్తులున్న గోపురం. రొట్టెలు, చేపలు మాత్రం యాజకులు తప్ప ఇతరులు అడుగుపెట్టని బలిపీఠపు చోటున ఉన్నాయి.